మాస్టారు నాతో పెట్టించుకున్న సంతకం

2024 వానాకాలం. అప్పటికి ఘంటసాల దగ్గర ఒక పల్లెలో పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. రిటైరైన లెక్కల మాస్టారు యేసురత్నం గారి గేదె కాలువ గట్టు మీంచి జారి పడి నడుము విరగ్గొట్టుకుంది. రెండు రోజులు చూశాను. లేచే ఆశ లేదు. యుథనేషియా చేశాను, అంటే బాగుకాని జంతువును మందిచ్చి నొప్పి తెలియకుండా పంపించడం. చట్టం ఒప్పుకున్న పనే గానీ, చేసిన రోజు నాకు అన్నం సయించదు.

మాస్టారు వీల్‌చైర్‌లో కూర్చుని అంతా చూశారు. ఆయనకు మోటార్ న్యూరాన్ డిసీజ్. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడి, చివరికి ఊపిరి కూడా ఆడనివ్వని జబ్బు.

"దానికి చేసిన సాయం నాకూ చెయ్యకూడదా అమ్మా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం మాటలండీ అవి! నన్ను జైల్లో పెట్టిద్దామనా?"

"ఊరికే అన్నాన్లెండి. మీతో వేరే పనుంది," అంటూ ఒడిలోని ఫైలు చూపించారు.

ఊళ్ళో గెజిటెడ్ ఆఫీసర్ని నేనొక్కదాన్నే. సర్టిఫికెట్ల జిరాక్సుల మీద సంతకాలు పెట్టీ పెట్టీ విసుగెత్తి ఉన్నాను. ఇదీ అలాంటిదే అనుకుని తీశాను. "ఊపిరి అందని రోజొస్తే వెంటిలేటర్ పెట్టొద్దు, బాధ తెలియకుండా చూస్తే చాలు" అని రాసి ఉంది. లివింగ్ విల్ అంటారు. సాక్షులిద్దరితో పాటు నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ సంతకం చేస్తే చెల్లుతుంది.

ఆయన కూతురు సునీత గబగబా వచ్చింది. "మా నాన్న చావుకి మీరు సంతకం పెడతారా అండీ?"

నిజం చెప్పాలంటే భయమేసింది. ఫైలు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళానన్న మాటేగానీ మనసు అక్కడే ఉంది. ఆ గేదె నన్నేమీ అడగలేదు. దాని తరఫున నేనే నిర్ణయించేశాను. నోరున్న మనిషి తన సంగతి తను చెప్పుకుంటుంటే మాత్రం వినకుండా పారిపోయి వచ్చాను. సిగ్గేసింది.

మర్నాడు వెళ్ళి ఆయనతో ఒంటరిగా మాట్లాడాను. "ఎవరైనా బలవంతపెట్టారా? ప్రాణం మీద విసుగా?"

"విసుగేంటమ్మా, ఇవాళ పులస పులుసు చేయించుకుంటున్నా. ప్రాణం తీసుకోవడం పాపమని నాకూ తెలుసు. పోయే ప్రాణాన్ని గొట్టాలతో కట్టెయ్యొద్దంటున్నా, అంతే."

సంతకం పెట్టాను.

ఏడు నెలల తర్వాత సునీత మా పశువుల ఆసుపత్రికి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"నాన్నకి ఊపిరి అందక బందరు తీసుకెళ్తే, ఆసుపత్రిలో 'వెంటిలేటర్ పెట్టమంటారా' అని నన్నే అడిగారండీ. ఆ కాగితం ఇచ్చాను. డాక్టర్ల బోర్డులు చూసి సరేనన్నాయి. ఆయాసం తెలియకుండా మందిచ్చారు, నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నా. వద్దన్నది నేను కాదండీ, నాన్నే. ఆ మాట నా చేత అనిపించకుండా వెళ్ళిపోయారు."

మాస్టారు ఆ కాగితం ఎవరి కోసం రాశారో నాకు అప్పుడు తెలిసింది. ఆ మేలులో నాక్కూడా చోటిచ్చినందుకు ఆయనకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.