సత్రం అవ్వ వేలికి మాయ ఉంగరం

నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో నా పరువు నేనే తీసుకున్నాను. చాయ్ చల్లారేలోపు చెప్పేస్తా, వినండి!

ఆదివారం ఆదివారం హనుమకొండలో మా ఇంట్లో ఒక ఆట ఆడతాం. రాజులు, రాక్షసులు, మంత్రాలు ఉండే కథ. కథ నడిపేది నేను. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, పాచికలు వేసి, "నేను తలుపు పగలగొడతా", "నేను గోడ దూకుతా" అంటుంటారు. మా మరదలు శ్రావణి అందులో వీరనారి. కాశిబుగ్గ నుంచి ఆటోలో వచ్చే జాన్సన్ దొంగ. ఆటలోనే లెండి, బయట పాపం స్కూల్లో లెక్కల సారు.

ఈసారి కథలో సస్పెన్స్ ఒక్కటే. ఊళ్లో పిల్లల్ని మాయం చేస్తున్న మంత్రగత్తె ఎవరు? "ఆఖరి రోజుకంటే ముందే ఎవరైనా కనిపెడితే, కథ నడిపే కుర్చీ వాళ్లకే ఇచ్చేస్తా!" అని మొదటి రోజే గొప్పలకు పోయాను. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. ఆఫీసులో నా మాట ఎవరూ వినరు. ఇక్కడ రాక్షసులు కూడా వింటారు!

చిక్కంతా శ్రావణి దగ్గరే వచ్చింది. ఆమె పాత్రకు ఒక మంత్రం ఉంది. ఎవరి మీద వేస్తే వాళ్లు మంచివాళ్లో చెడ్డవాళ్లో తెలిసిపోతుంది. మరి మంత్రగత్తె మీద వేస్తే? నా సస్పెన్స్ అంతా మటాష్!

రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి ఐడియా తట్టింది. మంత్రగత్తె ఎవరో కాదు, అందరికీ జొన్న గటక వండిపెట్టే సత్రం అవ్వ. ఆ అవ్వ వేలికి ఒక మాయ ఉంగరం తొడిగాను. అది ఉన్నంతసేపు ఎవరు మంత్రం వేసినా "మంచి మనిషి" అనే వస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆటకు కావాల్సిన బొమ్మలు మన దగ్గర దొరకవు కదా, మొదటి రోజే క్యారమ్ కాయిన్ల మీద పాత్రల పేర్ల స్టిక్కర్లు అంటించి, కథలోని ఊరి మ్యాప్ మీద పెట్టాను.

శ్రావణి దారిన పోయే ప్రతివాడి మీదా మంత్రం వేసింది. పాలవాడి మీద వేసింది. మేక మీద కూడా వేసింది! ఒకరోజు అవ్వ దగ్గరికొచ్చింది.

"బావా, అవ్వ మీద ఏస్తాన. ఏమొచ్చింది?"

"మంచి మనిషి!"

"అట్లనా! బంగారం అసొంటి అవ్వ, పాపం," అంది శ్రావణి. పక్కన జాన్సన్‌కు పొలమారింది. మిర్చి బజ్జీ ఘాటేమో అనుకున్నాను.

నిన్న ఆఖరి రోజు. ఫ్యాన్ ఆపాను, కర్టెన్ వేశాను, గొంతు బొంగురు చేశాను. "అవ్వ ఉంగరం తీసింది... ఆ మంత్రగత్తె... ఈ అవ్వే!"

ఎవరూ ఉలిక్కిపడలేదు. జాన్సన్ బజ్జీ నములుతూనే ఉన్నాడు.

"ఏంది జాన్సన్, షాక్ కాలేదా?"

"అన్నా, ఏమనుకోకు. మొదటి రోజే ఎరికైంది. మంచోళ్లందరికి తెల్ల కాయిన్లు పెట్టినవ్. చెడ్డోళ్లకు నల్లయి. అవ్వకు నల్లదే ఉండె!"

అయ్యో రామా! కథ రాసుకునేటప్పుడు నేను మర్చిపోకూడదని మంచీ చెడూ రంగుల్లో విడదీసుకున్నాను. అవే కాయిన్లు తెచ్చి మ్యాప్ మీద పెట్టేశాను. మూడు నెలలుగా అందరి కళ్ల ముందే ఉన్నాయి.

"మరి మేక మీద గూడ మంత్రం ఎందుకేసినవ్ శ్రావణీ?"

"జర నమ్మియ్యాలె గద బావా! నువ్వు గంత మురుసుకుంట 'మంచి మనిషి' అంటాంటే చెప్ప మనసొప్పలే. కుర్చీ పోతే నువ్వు అన్నం గూడ తినవ్. ఫికర్ చెయ్యకు, నీ కుర్చీ నీదే."

నిజం చెప్పొద్దూ, సిగ్గుతో పాటు బోలెడంత సంతోషమేసింది. నాకోసం మూడు నెలలు ఏమీ తెలియనట్టు నటించారు! ఏ మంత్రం వేసి వెతికినా ఇంత మంచి మనుషులు దొరుకుతారా?

కానీ పౌరుషం అనేది ఒకటుంది కదా. కొత్త కథ ఇప్పుడే మొదలు అని వంటింట్లోకి పోయి, పది నిమిషాలు తంటాలు పడి, గుప్పెడు చింతగింజలు తెచ్చి మ్యాప్ మీద పరిచాను. అన్నీ ఒకటే రంగు. ఇప్పుడు కనిపెట్టండి చూద్దాం!

శ్రావణి వంగి చూసింది. "బావా, గీ ఒక్క గింజనే ఎందుకు అరగదీసినవ్?"

మరి నాకు గుర్తుండాలి కదా!