రాతిలో ముఖానికి వదిలిన చోటు

ఆళ్లగడ్డలో రాయి చెక్కే అతను నా ఫోన్ తీసుకుని ఒక్కొక్క ఫోటో జరుపుతూ పోయాడు. కాగితం నక్షత్రం మీద ముడత. దారం ముడి. ఎండిన మైదా బంక. వెదురు బద్ద మొన. చివరికి తల ఎత్తాడు.

"అన్నీ నక్షత్రాలే ఉండాయి. మనిషి యాడుందప్పా?"

మనిషి మా అక్క. వానాకాలంలో పోయింది. నంద్యాలలో టీచరుగా చేసింది, పెళ్లి చేసుకోలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ప్రతి డిసెంబరులో వెదురు బద్దలు కట్టి, గాలిపటాల కాగితం అంటించి, మిద్దె మీదికి క్రిస్మస్ నక్షత్రం తానే చేసేది. బజారులో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నా కొననిచ్చేది కాదు.

నేను వాటిని బాగా దగ్గరి నుంచి ఫోటోలు తీసేవాణ్ణి. అందుకోసమే ఫోన్‌కు తగిలించే లెన్సు ఒకటి కొన్నాను. అలంకారం మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. దూరానికి మెరిసేది దగ్గరికి పోతే అతుకులు చూపిస్తుందని, ఆ అతుకులే నిజమని అనుకునేవాణ్ణి. పుస్తకాలు చదివి తెచ్చుకున్న తెలివి అది.

అక్క బంక చేతులతో అడ్డం వచ్చేది.

"పక్కకు జరుగక్కా, నీడ పడుతాంది."

"ఎప్పుడు జూసినా ఆ ముడులే తీస్తాండావ్. నా మొగం గూడ ఒగటి తీయరా."

"ఇంత చిన్న లెన్సులో నీ మొగం యాడ పడుతుందక్కా."

"నక్షత్రం పట్టింది గానీ నేను పట్టనా? పోరా."

నవ్వి జరిగేది. ఆమె జరిగిన ప్రతిసారీ ఫోటో బాగా వచ్చింది.

మా సమాధుల తోటలో అందరి రాళ్ల మీదా ముఖం ఉంటుంది. క్రిస్మస్ లోపల అక్క రాయి కూడా నిలబెట్టాలని, ఫోటో అతికించడానికి పైన కోలగా గుంట తీయమని రాయి చెక్కే అతనికి ఫోన్‌లోనే చెప్పేశాను. ఇన్ని ఫోటోలు తీసినవాణ్ణి, ఒక్క ముఖం దొరకదా అనుకున్నాను. గుంట తీశాక గానీ వెతకలేదు. బడిలో తీసిన గ్రూపు ఫోటోలో ఆమె ముఖం శనగగింజంత ఉంది. ఆధార్ కార్డులోది పెద్దది చేస్తే నల్లటి మరక వచ్చింది.

"ఈడ వేలుంది సూడు," అన్నాడతను ఫోన్ నా వైపు తిప్పి. దారం లాగి పట్టిన బొటనవేలు, గోరు మీద బంక. అన్ని ఫోటోల్లోనూ అక్కది కనిపించేది అంతే. "వేలు పెట్టల్యాం లే. గుంటలో నక్షత్రం అతికించి, సుట్టూ పూలు చెక్కుతా. బాగుంటాది."

"వద్దు. గుంట పూడ్చండి."

"రాతిలోనించి తీసేదే గానీ మళ్లా పెట్టేది ఉండదప్పా."

రాయిని అలాగే తెచ్చి నిలబెట్టాను.

చావు జరిగిన ఇల్లు కాబట్టి ఆ క్రిస్మస్‌కు మిద్దె మీద నక్షత్రం కట్టలేదు. ఆరాధన అయ్యాక చిన్నమ్మ సమాధి దగ్గరికి వచ్చింది. కొవ్వొత్తి వెలిగించి, గుంటలో వేళ్లు పెట్టి తడిమి చూసింది.

"మొన్ననే గదరా రాయి పెట్టింది. అప్పుడే ఫోటో ఊడిపాయనా? ఎవడంటించినాడో గానీ, పని చేతగానోడు."

"అవును చిన్నమ్మా," అన్నాను.