పోల్చడానికి ఎంచిన ఊరు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా మోసీ మోసీ నా మీద నాకే విసుగొచ్చింది. మా ఆయనతో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో పాపం అనకండి. ఆ మాట వింటే ఇంకా ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఒక ఆరోగ్య సర్వేలో పనిచేశాను. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే వాగు పక్కన ఒక ఊరు. పేరు రాయను. అక్కడి వాళ్లకు దగ్గు, ఆయాసం, కాళ్ల మీద దద్దుర్లు. ఈ బోరు నీళ్లు మాకొద్దు, మంజీర పైపు నీళ్లు ఇవ్వండని ఎన్నాళ్లనుంచో అర్జీలు పెడుతున్నారు. ఆ రోగాలు నిజంగా వాగు వల్లేనా అని తేల్చడానికే మా సర్వే. ఊరంతా అడగలేం కాబట్టి వరసలో ప్రతి అయిదో ఇల్లూ ఎంచుకోవాలి. వయసు, చేసే పని, తాగే నీరు, దగ్గు, దురద, అన్నీ ఫారంలో రాయాలి. అలాంటి ఫారాలే ఆ వాగు నీళ్లు తగలని ఇంకో ఊళ్లోనూ నింపాలి. రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తేడా కనిపిస్తే పైపు వస్తుంది. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతి.

ఆ రెండో ఊరు ఏది? సర్వే నడిపే మా డాక్టరుగారు మొదట అనుకున్న ఊరికి వెళ్లాలంటే సంగారెడ్డిలో బస్సు మారి, దిగాక ఎండలో మూడు కిలోమీటర్లు నడవాలి. నేను మా అమ్మగారి ఊరి పేరు చెప్పాను. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. మ్యాపు పరిచి చూశారు. వాగుకు మా ఊరు బాగా ఎడంగా ఉంది.

“ఆ నీళ్లు మీ ఊరికి రావు కదమ్మా?”

“రావు సార్.”

“సరిగ్గా ఆలోచించి చెప్పు. ఈ ఊరు శుభ్రంగా లేకపోతే మనం చేసేదంతా దండగ.”

“మా అమ్మగారి ఊరు సార్. నాకు తెల్వదా?”

తెలుసు. వాగు పొంగితే పాత కాలువ గుండా ఆ నీళ్లు మా కుంటలోకి వస్తాయి. మా బోర్లన్నీ కుంట కిందే. నా పెళ్లికి ముందటి ఏడు కుంటలో చేపలన్నీ వెల్లకిలా తేలితే, ముక్కు మూసుకుని చూసి వచ్చినదాన్ని. మా సర్వే జరిగింది ఎండాకాలంలో కనుక కాలువ ఎండిపోయి ఉంది. మ్యాపులో దాని గీత లేదు. నేను చెబితే తప్ప ఆయనకు తెలిసే దారి లేదు.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సాకు ఒకటుంది. పసిపిల్ల మా అమ్మ దగ్గరుంది, మధ్యాహ్నం వెళ్లి పాలివ్వాలి, అందుకని. వినడానికి ఎంత బాగుందో చూడండి! తల్లి ప్రేమట. ఛీ. పాప అప్పటికే పాలు మానేసింది. మెత్తగా అన్నం కలిపి పెడితే తినేది. నాకు కావలసింది ఆ ఎండలో నడవకపోవడం, అమ్మ చేతి పచ్చిపులుసు, తిన్నాక ఒక గంట నడుం వాల్చడం. అంతే. దానికి పాపను అడ్డం పెట్టుకున్నాను.

పైగా ఎంత శ్రద్ధగా పనిచేశానో! వంతుకొచ్చిన ఒక్క ఇల్లూ వదల్లేదు. తాళం వేసి ఉంటే మళ్లీ వెళ్లాను. మా అమ్మ ఇల్లు కూడా వరసలో అయిదోదిగా వచ్చింది. కాళ్ల మీద దురద ఉందా అన్న చోట ‘ఉంది’ అని నా చేత్తోనే రాశాను. రాస్తున్నప్పుడు పెన్ను ఆగిందా? ఆగింది. ఆగితే ఏం లాభం, మళ్లీ కదిలింది. నేను ఆడింది ఒక్కటే అబద్ధం. ఫారాల్లో ఉన్నవన్నీ నిజాలే, ఆ నిజాలన్నీ కలిసి వాగు పక్క ఊరి నిజాన్ని కొట్టేశాయి.

రెండు ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదని రిపోర్టు వచ్చింది. పైపు అర్జీ పక్కన పెట్టేశారు. ఆ కబురు వాగు పక్క ఊళ్లో సత్తెమ్మకు నేనే చెప్పాల్సి వచ్చింది. సర్వే రోజుల్లో నాకు పీట వేసి, మనవలందరినీ వరసగా నిలబెట్టి దద్దుర్లు చూపించిన ముసలామె.

“ఆ ఊర్ల గూడ గిట్లనే ఉన్నదట పెద్దమ్మా. తేడా లేదట,” అన్నాను.

ఆమె చేతిలో చెంబు కింద పెట్టి నా వైపు చూసింది. “గట్లయితే ఆళ్లు గూడ గీ నీళ్లే తాగుతున్నట్టు గద బిడ్డా? ఇద్దరికి పైపులెయ్యాలె గని, ఇద్దరికి లేకుంట జేసుడేంది?”

అక్షరం ముక్క రాని మనిషి. అంత లావు రిపోర్టులో ఎవరికీ తట్టని మాట ఆమెకు ఇట్టే తట్టింది. అప్పుడైనా డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తానా? లేదు. ఉద్యోగం పోతుందని భయపడి బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఆమె ఊరికి పైపు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి సత్తెమ్మ లేదు. ఆయాసంతోనే పోయిందని విన్నాను. మా అమ్మగారిది కాగితం మీద శుభ్రమైన ఊరు కదా, దానికి మరీ ఆలస్యంగా వచ్చింది. అమ్మ కాళ్లకు కొబ్బరినూనె రాస్తూ కూడా నేను నోరు విప్పలేదు. ఎవరైనా వింటే ఇది మనిషేనా అంటారు. నేనూ అదే అంటున్నాను.

ఇప్పుడు చెబితే ఎవరికి ఏం ఒరుగుతుంది? ఏమీ ఒరగదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, క్షమించాల్సినామె లేదు. డాక్టరుగారు ఎక్కడున్నారో తెలియదు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నా చెవిలోనే ఉంది. ఈసారి సరిగ్గా ఆలోచించే చెబుతున్నాను.

వస్తాయి సార్. ప్రతి వానాకాలం వస్తాయి.