మేస్త్రి చొక్కాల దుమ్ము

రేకుల మేస్త్రికి ఊపిరితిత్తులు పాడవుతాయని వాళ్ళింట్లో అందరూ ముందే ఖాయం చేసేసుకున్నారు. ఎప్పుడూ సిమెంటు రేకులు కోసుకుంటూ, బెజ్జాలేసుకుంటూ బతికిన మనిషి. పైగా సిగరెట్లు. నీ దగ్గు వింటూనే నాకు తెల్లారుతోందని పెళ్ళాం సణగని రోజు లేదు.

తీరా ఆయాసం వచ్చింది ఆవిడకి.

ఆస్పత్రిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొరకి క్యాన్సరంది డాక్టరమ్మ. సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అని కంటికి ఆనని పీచు ఉంటుందట. దుమ్ముతో లోపలికి పోయి, ఏళ్ళకేళ్ళు కిక్కురుమనకుండా కూర్చుని, తీరిగ్గా లేస్తుందట.

"ఏ ఫ్యాక్టరీలో చేసేవారమ్మా?"

"నేనా? వంటింట్లో."

"పని చేసింది నేనండీ," అన్నాడు మేస్త్రి, ఇద్దరి చీటీలూ తారుమారయ్యాయేమో అన్నట్టు. ఆయనకీ ఎక్స్‌రే తీశారు. ప్రస్తుతానికి ఏమీ లేదన్నారు. ఆ మాటకి ఆయన మొహం మాడిపోయింది.

మరి ఆయన బట్టలు ఎవరు ఉతికేవారని అడిగింది డాక్టరమ్మ. ఆవిడకి హుషారొచ్చింది. సాయంత్రం ఆయన చొక్కా విప్పడం ఆలస్యం, గుమ్మానికేసి కొట్టి దులిపేదాన్నని చెప్పింది. దులపకుండా నానబెడితే ఆ దుమ్ము ముద్దకట్టి బట్ట అట్టలా అయిపోతుంది. తన మొగుడంత తెల్లచొక్కాతో పనికెళ్ళే మేస్త్రి ఆ వీధిలోనే లేడు.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఆ దుమ్మేనమ్మా," అంది.

ఇది నయమయ్యేది కాదనీ, ఆయాసం తగ్గించి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చనీ చెప్పుకుపోతుంటే, ఆవిడ అడ్డొచ్చి బట్టల సంగతి చెప్పమంది. అల్లుడిదీ రేకుల పనే, పాత ఇళ్ళ పైకప్పు రేకులు విప్పుతాడు. ఆ దులపడం కూతురికి నేర్పింది తనే. కూతురు దులుపుతుంటే మనవరాలు అక్కడే కింద ఆడుకుంటుంది.

పని దగ్గరే ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి, ఆ బట్టలు ఇల్లు చేరకూడదు, అస్సలు దులపకూడదు అంది డాక్టరమ్మ. ఆవిడ వెంటనే కూతురికి ఫోన్ చేసి, ఇక దులపొద్దంది. కూతురు నవ్వింది.

"ఇన్నాళ్ళూ నువ్వు దులపలేదా అమ్మా?"

"దులిపానే. అందుకే."

కూతురి నవ్వు ఆగింది. కానీ అల్లుడు వింటేగా, నాకేం కాలేదుగా అన్నాడట. దాంతో మర్నాడు ఆవిడ మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్ళి, కూతురింటి గేటుకి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చుంది. సాయంత్రం అల్లుడు పిండిలో దొర్లినట్టు వచ్చాడు.

"అక్కడే ఆగండి బాబూ. ఒంటిమీదే తడిపి, బట్టలు విప్పండి."

"మీ ముందా అత్తయ్యా?"

"నేను అటు తిరుగుతాలెండి. ప్యాంటు కూడా."

ఎదురింటివాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. అల్లుడు దిక్కుతోచక మామగారి వంక చూశాడు. మేస్త్రి నీళ్ళ బకెట్టెత్తి అతని నెత్తిన గుమ్మరించి, తువ్వాలు అందించాడు.

ఆ మర్నాటి నుంచీ అల్లుడు పని దగ్గరే కడుక్కుని, వేరే బట్టల్లో ఇంటికొస్తున్నాడు. క్యాన్సర్‌కి భయపడ్డాడో, అత్తగారికి భయపడ్డాడో తెలీదు. ఆవిడ అడగలేదు. ఓపికున్నన్నాళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఆ కుర్చీలోనే కూర్చునేది.