పరుగెత్తిన నాడి

నర్సింగ్ రెండో ఏడాదిలో ఉండగా ఓ సాయంత్రం నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక పక్కసీట్లోని పెద్దామె నా యూనిఫాం చూసి చెయ్యి చాపింది.

"తల తిరుగుతాంది పాపా. రోంత నాడి చూడు."

మణికట్టు పట్టుకున్నాను. నాడి పరుగులు పెడుతోంది. మాకు పాఠాలు చెప్పే మేడమ్ పక్కన లేకుండా అంతవరకు ఎవరి చెయ్యీ పట్టుకున్నదాన్ని కాదు. బస్సు ఆపమని అరవబోతూ నా వేళ్ల వైపు చూసుకున్నాను. ఆమె మణికట్టు మీద ఉన్నది నా బొటనవేలు! దాంతో నొక్కితే మన నాడే మనకు తగులుతుందని మేడమ్ మొదటి వారంలోనే చెప్పింది.

బొటనవేలు తీసేసి మూడు వేళ్లు ఆనించాను. ఆమె నాడి నిదానంగా, నిండుగా కొట్టుకుంటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నాడి బాగుంది పెద్దమ్మా. పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా?"

"యాడ తింటి?" అంటూ సంచిలోంచి అరటిపండు తీసింది. సగం తుంచి ముందు నాకే ఇచ్చింది.

"నువ్వు తిను. చెయ్యంతా చెమట్లు పడ్తాండాయి నీకు."

ఆళ్లగడ్డ వచ్చేసరికి ఆమె తేరుకుని, నాకంటే ముందే చకచకా దిగిపోయింది.

ఇప్పటికీ వార్డులో ఎవరి నాడి పరుగెత్తినా, నా బొటనవేలు ఎక్కడుందో చూసుకున్నాకే డాక్టర్‌ని పిలుస్తాను.