సుడికి బెదిరే గుంజ

వానకు తడిసిన జనపనార వాసన సోకితే చాలు, నాందేడ్ బజారులో తాళ్లమ్మే దుకాణం ముందు ఈ వయసులోనూ నా అడుగు ఆగిపోతుంది.

నిజాం ఏలుబడి చివరి ఏళ్లలో నా బాల్యం ధర్మాబాద్ వైపు గోదావరి ఒడ్డున గడిచింది. తాత మా రేవులో పడవ నడిపేవాడు. నీటి అంచున పాతిన టేకు గుంజకు ఆ పడవను కట్టేవాడు. మృగశిర కార్తె ప్రవేశించగానే కొత్త జనపనార తాడును ఆ గుంజ మొదలు నుంచి కొస దాకా, జానెడేసి ఎడం విడుస్తూ మెలికగా చుట్టేవాడు. అది ఆయన తండ్రి నేర్పిన పద్ధతి. రేవు దాటవచ్చినవాళ్లు నవ్వేవారు.

“ఏంది పెద్దయ్యా, గుంజకు సలి పెడ్తున్నదా, చీర కడ్తున్నవ్?”

“దానికి సుళ్లంటే బుగులు. తాడు సుట్టుకుంటే అదరకుంట నిలబడ్తది,” అనేవాడు తాత.

నాకు ఎనిమిదేళ్లు. నాగుల పంచమినాడు ఇంటింటా జొన్న పేలాలు వేగుతున్నాయి, ఒడ్డు మీది వేపచెట్లకు ఉయ్యాలలు వేలాడుతున్నాయి. మా ఉయ్యాలకు తాడు చాలలేదు. గోదావరి శాంతంగా పారుతోంది. తాత రొట్టె తినడానికి ఇంటికి వెళ్లిన వేళ గుంజ తాడును నేనే విప్పి తెచ్చుకున్నాను. సాయంత్రం మళ్లీ చుట్టవచ్చుననుకున్నాను.

ఎగువ వాన నీరు మధ్యాహ్నానికే ఎర్రగా వచ్చిపడింది. గుంజకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి, వంతులు వేసుకున్నట్టు సుడులు విడివడుతుంటే, అది మొదట సన్నగా వణికి, తరువాత తుమ్మెదలా రొదచేసి, చివరకు మొదలంటా ఊగి విరిగిపోయింది. మా ఇంటికి తిండి పెట్టే పడవ దానితోపాటే కొట్టుకుపోయింది. తాత మెడలోతు నీళ్ల దాకా వెళ్లి, ఒట్టి చేతులతో తిరిగివచ్చాడు.

“ఈయేడు తాడు సుట్టలేదా?” అని ఎవరో అడిగారు.

తాత మా ఉయ్యాల వైపు ఒకసారి చూశాడు. “గుంజ ముసల్దయింది, ఇరిగింది,” అని నా చేయి పట్టుకున్నాడు. “పా బిడ్డా, తడుస్తున్నవ్.”

ఆ తరువాత ఆయన ముద్ఖేడ్ స్టేషనులో మూటలు మోసి నన్ను చదివించాడు. మా వంశంలో తొలి పట్టభద్రురాలిని నేను. గుండ్రని స్తంభాన్ని ఒరుసుకుపోయే ప్రవాహం గురించి కళాశాలలో పాఠం విన్న రోజున, మెలిక తాడు సుడులను ఒకే తాళంలో పుట్టనీయక చెదరగొడుతుందని తెలిసింది. తాత పద్ధతి సరైనదేనని, తప్పు నాదని అప్పుడే ఉత్తరం రాశాను. ఆయనకు చదువు రాదు. మా ఇంట్లో ఉత్తరాలు చదివి వినిపించేది నేనొక్కదాన్నే. ఆయన ఊరికి తెలియకుండా దాచిన మాటను ఊరివాళ్ల చేత చదివించడానికి మనసొప్పక, ఉత్తరాన్ని నా దగ్గరే ఉంచుకుని సెలవుల కోసం ఆగాను. సెలవులకు ముందే ఆయన పోయాడు.

ఇప్పుడు అక్కడ రేవు లేదు, వంతెన ఉంది. బస్సు దాన్ని దాటడానికి రెండు నిమిషాలైనా పట్టదు. ఆ ఉత్తరాన్ని నేను ఇంతవరకు ఎవరికీ చదివి వినిపించలేదు.