చూడని కాలు

మొన్న మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాను. మన ఈడు వాళ్ళం నలుగురం కలిస్తే ఒకప్పుడు పిల్లల చదువుల గురించి చెప్పుకునేవాళ్ళం, ఇప్పుడు మోకాళ్ళ గురించి చెప్పుకుంటున్నాం కనుక ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే ఒక నర్సమ్మాయి వచ్చి, పొట్ట మీద చిన్న సూది గుచ్చి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా ఇది అని నాకే చెప్పి, లేచి నాలుగడుగులు వెయ్యమని వెళ్ళిపోయింది. అలాంటి మందు కోసం మేము పడ్డ పాట్లు ఆ పిల్లకు చెప్పాలని నోటిదాకా వచ్చింది కానీ, అప్పటికే తను పక్కగదిలో ఉంది.

అరవైల మొదట్లో, గుంటూరులో డాక్టరు చదువు ముగించి నేను బందరులో ఒక మిషను ఆసుపత్రిలో చేరేనాటికి, అక్కడి పెద్ద డాక్టరమ్మగారికి వాచిన కాళ్ళ పిచ్చి అని అందరూ నవ్వుకునేవారు. మన వైపు కాలు వాస్తే అది బోదకాలే. ఊరూరా కనబడేది గనుక ఎవరూ రెండోసారి చూసేవారు కారు. ఆవిడ మాత్రం వచ్చిన ప్రతి బాలింత కాళ్ళూ దర్జీ టేపుతో కొలిచి, వాపు ఏళ్ళ తరబడి వచ్చిందా, ఉన్నట్టుండి వచ్చిందా, చలిజ్వరం ముందుందా అని గుచ్చి గుచ్చి అడిగేవారు. ఉన్నట్టుండి ఒక కాలే వాచి, పిక్క నొక్కితే నొప్పి ఉంటే, అది బోదకాలు కాదు, లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలని ఆవిడ పట్టు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడం కష్టం.

గడ్డ పెరగకుండా ఆపే ఇంజెక్షను మద్రాసు నుంచి రావాలి. ఎక్కువైతే రక్తం పోతుంది, తక్కువైతే పని చేయదు. అందుకని సన్నటి గాజు గొట్టాల్లో రోగి రక్తం పోసి, గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, ఎంతసేపటికి పెరుగులా తోడుకుంటుందో వంచి వంచి చూడడం నా పని. ప్రాణాలు నిలబెడదామని డాక్టరు చదివితే ఈ గొట్టాల కాపలా ఏమిటని విసుక్కునేదాన్ని.

ఆ విసుగు మా అక్క పురిటితో వదిలింది. తొలికాన్పుకని అక్క అవనిగడ్డ దగ్గర మా ఊరొచ్చింది. కాన్పయి వారం తిరిగాక ఒక ఆదివారం నేను బస్సులో మోపిదేవి, పులిగడ్డ దాటి ఇంటికి చేరేసరికి వీధి తలుపులు వేసి ఉన్నాయి. లోపల కుంపటి పక్కన మంచం మీద పసిబిడ్డతో అక్క, ఎడమకాలు తొడదాకా వాచి నిగనిగలాడుతోంది. అమ్మ ఆముదం వెచ్చబెట్టుకుని రుద్దడానికి కూర్చుంటోంది. రుద్దితే లోపలి గడ్డ కదులుతుందని నేను చటుక్కున అమ్మ చెయ్యి పట్టుకున్నాను. బుద్ధెరిగాక అమ్మ చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదలు. బందరు తీసుకెళ్దామంటే అమ్మ ససేమిరా అంది.

"ఊరుకోవే! గుడివాడలో వాళ్ళత్తగారి చెవిన పడితే బోదకాలు పిల్లని అంటగట్టారంటారు."

చివరికి వియ్యాలవారికి తెలియనివ్వనని నా దగ్గర మాట తీసుకుని గానీ కదల్లేదు. బందరులో పెద్ద డాక్టరమ్మగారు టేపు పెట్టి కొలిచారు, పిక్క నొక్కి చూశారు, వెంటనే ఇంజెక్షను మొదలుపెట్టారు. రోజూ విసుక్కునే గాజు గొట్టాలే, ఆ రాత్రి తెల్లవార్లూ పక్కన కూర్చుని వంచి వంచి చూశాను.

అలాంటి కబురు దాగుతుందా? ఎవరు మోసుకెళ్ళారో, అక్క అత్తగారు గుడివాడ నుంచి రానే వచ్చారు. అమ్మ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. కాలు రుద్దకూడదని డాక్టరమ్మగారు హెచ్చరిస్తే, ఆవిడ దుప్పటి తీసి ఆ కాలు చాలాసేపు చూసి, అమ్మను వదిలేసి డాక్టరమ్మగారి వైపు తిరిగారు.

"మా పెద్దమ్మాయికీ కాన్పయ్యాక ఇలాగే వాచిందండీ. ఆముదం పెట్టి నేనే రుద్దాను. హాయిగా ఉందమ్మా అంటా లేచి పెరట్లోకెళ్ళింది, అక్కడే పడిపోయింది. గాలి సోకిందన్నారు. నేను రుద్దబట్టే పోయిందాండీ?"

అలా పోయిన బాలింతల కథలు ఎక్కడ దొరుకుతాయా అని వెతికే మనిషి మా డాక్టరమ్మగారు. ఇక ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారనుకున్నాను. ఆవిడ టేపు వేళ్ళకు చుట్టుకుంటూ, "చూడని కాలు గురించి నేను చెప్పలేనండి" అన్నారు. అంత గుచ్చి గుచ్చి అడిగే మనిషి, వాచింది ఏ కాలని కూడా అడగలేదు.

అక్క అత్తగారు మంచం కాళ్ళ వైపు స్టూలు వేసుకుని కూర్చున్నారు. అక్క నడిచి గుడివాడ బస్సెక్కేదాకా అక్కడే ఉన్నారు. అమ్మ అటు వస్తే చాలు, "కాలు ముట్టుకోమాకండి వదినగారూ" అనేవారు. బోదకాలన్న మాటే ఎత్తలేదు. అమ్మ ఆ తర్వాత ఆవిడ పేరు చెప్పకుండా ఒక్క ప్రార్థనైనా ముగించలేదు.

ఇప్పుడు కాలు మీద చిన్న యంత్రం ఆనిస్తే లోపలి గడ్డ తెర మీద కనబడుతుంది. పెద్ద డాక్టరమ్మగారు ఉంటే చిన్నపిల్లలా సంబరపడేవారు. ఎందరో అక్కలు బతుకుతున్నారు, నాకూ సంతోషమే. కానీ ఇప్పుడు చూడని కాలంటూ లేదు. ఏ తల్లైనా వచ్చి, నా వల్లే పోయిందా అని అడిగితే, జవాబు రిపోర్టులో అచ్చయి ఉంటుంది. మా డాక్టరమ్మగారు చెప్పినట్టు చెప్పడానికి ఇప్పటి డాక్టర్లకు వీల్లేదు, పాపం.